పిజ్జాకు పట్నం పోనక్కరలేదు
ఇంట్లోని పిండి, టమోటాలతో పెనం మీదే చేసుకోవచ్చు

మదనపల్లె (మన గ్రామీణ విలేఖరి): రెండు పెట్టెల టమోటా అమ్మితే ఒక రొట్టె వచ్చింది. వినడానికి వింతగా వున్నా, మదనపల్లెకు ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో ఒక రైతు కుటుంబానికి ఇది స్వయంగా అనుభవమైన లెక్క.

ఆ రైతుకు ఎకరన్నర టమోటా తోట వుంది. ధర బాగా పడిపోయిన రోజుల్లో ఒక ఆదివారం ఆయన ఇరవై పెట్టెలు ఆటోలో వేసుకుని మార్కెట్టుకు వెళ్లాడు. అయిదో తరగతి చదివే కొడుకు కూడా వెంట వెళ్లాడు. ఆ రోజు కిలో అయిదు రూపాయలు పలికింది. పాతిక కిలోల పెట్టెకు నూట పాతిక. మండీ కమిషన్, దించిన కూలి, ఆటో బాడుగ పోను చేతికి మిగిలింది స్వల్పం.

తిరిగి వచ్చేటప్పుడు కొడుకు ఒక దుకాణం ముందు నిలబడిపోయాడు. అక్కడి అద్దం వెనక పిజ్జా బొమ్మ వుంది. సెల్‌ఫోనులో ఎన్నోసార్లు చూశాడు గాని ఎన్నడూ తినలేదు. ధర రెండు వందల యాభై. రైతు కాసేపు ఆలోచించి కొనిపెట్టాడు. డబ్బా విప్పి చూసిన పిల్లవాడు, "నాయనా, దీని మింద పూసిండేది మన టమోటానే కదా?" అని అడిగాడు. తండ్రి జవాబు చెప్పలేకపోయాడు.

సగం తిని సగం ఇంటికి తెచ్చారు. ఒక ముక్క రుచి చూసిన ముసలవ్వ, "రొట్టె మింద ఊరిబిండి పూసినట్లుండాది. దీనికా అంత దుడ్డు?" అన్నదట. ఆ మాటే ఇంటి ఇల్లాలిని ఆలోచింపజేసింది. రొట్టె మన ఇంట్లో వుంది, టమోటా మన తోటలో వుంది, మరి ఇంట్లో ఎందుకు చేయకూడదు అని ఆమె మొదలుపెట్టింది. రెండుసార్లు చెడగొట్టి మూడోసారి సాధించింది. ఈ సంగతి విని ఈ విలేఖరి ఆ ఇంటికి వెళ్లి, చేసే పద్ధతి దగ్గరుండి చూసి, తిని, ఇక్కడ వివరిస్తున్నాడు.

పిజ్జా ఎవరి తిండి?

పిజ్జా అంటే గొప్పవారి తిండి అని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి అది బీదల రొట్టె. ఇటలీ దేశంలోని నేపుల్స్ నగరం దాని పుట్టిల్లు. అక్కడి ఓడరేవులో మూటలు మోసే కూలీలు, చేపలు పట్టేవారు, ఇంట్లో పొయ్యి కూడా లేని నిరుపేదలు వీధిలో కొనుక్కుని నిలబడి తినే తిండి అది. అలెగ్జాండర్ డ్యూమా అనే ఫ్రెంచి రచయిత 1843లో అచ్చయిన పుస్తకంలో, నేపుల్స్ బీదలు వేసవిలో పుచ్చకాయతో, చలికాలంలో పిజ్జాతో కాలం గడుపుతారని రాశాడు.

దాని మీద పూసే టమోటా కూడా ఇటలీది కాదు. అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలో ఐరోపాకు వచ్చింది. విషమేమోనని భయపడి మొదట్లో చాలామంది తినలేదు. ఐరోపావారి ద్వారానే అది మన దేశానికీ చేరింది. మన పెద్దలు దాన్ని తక్కాలి అన్నారు, కోస్తా వైపు రామములగ అన్నారు. అంటే టమోటా ఇటలీవారికీ మనకూ కూడా బయటనుంచి వచ్చిన చుట్టమే.

1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్‌కు వచ్చినప్పుడు రఫాయెలె ఎస్పొజితో అనే రొట్టెల వ్యాపారి ఎర్రని టమోటా, తెల్లని చీజు, పచ్చని ఆకులతో ఆ దేశపు జెండా రంగుల్లో పిజ్జా చేసి ఇచ్చాడనీ, అప్పటినుంచే ఒక రకానికి రాణిగారి పేరు వచ్చిందనీ చెబుతారు. ఇది కథేనని కొందరు చరిత్రకారులు అంటారు. ఏమైనా రాణిగారు తినకముందే బీదలు దాన్ని తింటున్నారన్నది మాత్రం నిజం.

మన పల్లెవాసులకు బాగా అర్థమయ్యే సంగతి మరొకటి వుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నేపుల్స్ నగరం పేదరికంలో మునిగివున్న కాలంలో, ఇళ్ల ముందు పొయ్యి పెట్టి నూనెలో వేయించిన పిజ్జాలు అమ్మే ఆడవారు వుండేవారు. ఇవాళ తిని ఎనిమిది రోజులకు డబ్బు ఇవ్వవచ్చు అన్నది వారి పద్ధతి. మన చిల్లర అంగడిలో అరువు పద్దు లాంటిదే అది. 1954లో వచ్చిన ఒక ఇటలీ సినిమాలో సోఫియా లారెన్ వేసిన పాత్ర ఇలాంటి పిజ్జాలమ్మే మనిషిదే.

నేపుల్స్‌లో పిజ్జా చేసే విద్యను 2017లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది.

చీజు లేని పిజ్జా కూడా వుంది

చీజు ఎక్కడ తెచ్చేది అని ఇల్లాళ్లు మొదటే వెనక్కు తగ్గుతారు. అక్కరలేదు. నేపుల్స్‌లో పేరుపొందిన మరినారా అనే పిజ్జా మీద చీజు వుండదు. టమోటా, వెల్లుల్లి, నూనె, ఒరెగానో అనే ఘాటైన ఆకు, అంతే. అది నావికుల పేరు మీద వచ్చిన పాత రకం.

ఒరెగానో ఆకు మనకు దొరకదు గాని, దానికి దగ్గరి వాసనగల వామాకు మన పెరళ్లలో వుంటుంది. మందంగా, నూగుతో, నలిపితే ఘాటుగా వుండే ఆ ఆకును పిల్లల దగ్గుకు వాడుతుంటాం. ఒరెగానోలో వుండే ఘాటు పదార్థమే ఇందులోనూ వుంది. రెండు ఆకులు సన్నగా తరిగి వేస్తే చాలు. మార్గరీటా పిజ్జా మీద వేసే ఆకు తులసి జాతిదే. ఎండాకాలంలో నానబెట్టుకు తాగే సబ్జా గింజలు కాసే మొక్క కూడా ఆ రకందే.

పిజ్జాకు నేపుల్స్‌వారు వాడే మొజరెల్లా చీజులో మేలైన రకాన్ని ఆ చుట్టుపక్కల ప్రాంతాల్లో గేదె పాలతో చేస్తారు. చీజు విదేశీదే అయినా పాలు మనకు తెలియనివి కావు.

మొదటి రెండుసార్లు ఎందుకు చెడింది

ఆ ఇల్లాలు మొదటిసారి ఈస్టును మరిగే నీళ్లలో కలిపింది. ఈస్టు అంటే బేకరీల్లో రొట్టె పొంగడానికి వాడే పొడి. అది ప్రాణం వున్న పదార్థం. మరిగే నీళ్లకు చచ్చిపోతుంది. రెండు గంటలు గడిచినా పిండి ముద్ద కదలలేదు. "పెరుగుకు తోడు వేసేటప్పుడు పాలు ఎంత వెచ్చగా వుంటాయో, నీళ్లు కూడా అంతే వుండల్ల. కాగిన పాలలో తోడు వేస్తే పెరుగు అవుతుందా?" అని ఆమె ఇప్పుడు ఇరుగుపొరుగు వారికి చెబుతున్నది.

రెండోసారి పిండి పొంగింది గాని, రొట్టె మీద టమోటా పూసి పెనం మీద పెట్టేసరికి అడుగు మాడింది, పైన పచ్చిగానే మిగిలింది. దీనికి కారణం వుంది. నేపుల్స్‌లో కట్టెలతో కాల్చే రాతి పొయ్యి నాలుగు వందల ఎనభై డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడి కిందనుంచీ పైనుంచీ కూడా తగులుతుంది. అందుకే అక్కడ నిమిషం, నిమిషంన్నరలో పిజ్జా కాలిపోతుంది. మన పెనానికి వేడి కిందనుంచే. కాబట్టి ముందు ఒక పక్క కాల్చి, తిరగేసి, కాలిన పక్క మీద టమోటా పూయాలి. ఆమె మూడోసారి చేసింది ఇదే. మొత్తం కిటుకు ఇందులోనే వుంది.

కావలసినవి

జానెడు వెడల్పు రొట్టెలు మూడింటికి ఈ కొలతలు సరిపోతాయి.

మైదా పావు కిలో. మైదాకు జిగురు ఎక్కువ కనుక బాగా సాగుతుంది, పొంగుతుంది. గోధుమ పిండి కూడా వాడవచ్చు. సగం మైదా, సగం గోధుమ పిండి కలిపితే ఇంకా మంచిది.

పొడి ఈస్టు ఒక చిన్న చెంచా. పట్నంలో బేకరీ సామాన్లు అమ్మే అంగళ్లలో దొరుకుతుంది. చక్కెర అర చెంచా, ఉప్పు ఒక చిన్న చెంచా, నూనె మూడు పెద్ద చెంచాలు. అక్కడివారు ఆలివ్ నూనె వాడతారు. మనకు వేరుశెనగ నూనె చాలు.

బాగా పండిన టమోటాలు అర కిలో, వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఒక ఉల్లిపాయ, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప, రెండు వామాకులు.

చేసే విధానం

గోరువెచ్చని నీళ్లు సుమారు నూట యాభై మిల్లీలీటర్లు తీసుకుని చక్కెర, ఈస్టు కలిపి పది నిమిషాలు వుంచాలి. పైన నురుగు కడితే ఈస్టు మంచిదని అర్థం. నురుగు రాకపోతే ఈస్టు పాతది. పిండి వృథా చేసుకోకుండా అక్కడే ఆపివేయాలి.

పిండిలో ఉప్పు కలిపి, ఈ నీళ్లు, ఒక చెంచా నూనె పోసి చపాతీ పిండికన్నా కాస్త మెత్తగా కలపాలి. గోధుమ పిండి అయితే నీళ్లు కొంచెం ఎక్కువ పడతాయి. పది నిమిషాలు బాగా మర్దించాలి. చేతులు నొప్పి పుట్టినా ఇక్కడ తొందర పనికిరాదు. తరువాత తడిబట్ట కప్పి గంట, గంటన్నర వుంచితే ముద్ద రెట్టింపు అవుతుంది. చలికాలంలో మరికొంత సేపు పడుతుంది.

ఈలోగా టమోటాలను వేడినీళ్లలో వేసి పైతొక్క తీసి నలపాలి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి తరిగిన వెల్లుల్లి ఎర్రబడకముందే టమోటా గుజ్జు పోయాలి. ఉప్పు, ఎండుమిరప వేసి సన్నని మంట మీద పదిహేను ఇరవై నిమిషాలు వుడికించాలి. చెంచాతో తీస్తే నీరు కారకుండా నిలవాలి. నీరు మిగిలితే రొట్టె నానిపోతుంది. చివర వామాకు వేసి దించాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు వండరాదన్న పెద్దల మాట టమోటాకూ వర్తిస్తుంది.

పొంగిన పిండిని మూడు ముద్దలు చేసి, చేత్తో వత్తుతూ చపాతీకి రెండింతల మందంగా రొట్టె చేయాలి. మందపాటి ఇనుప పెనం వేడెక్కాక మంట తగ్గించి రొట్టె వేసి మూత పెట్టాలి. మూడు నాలుగు నిమిషాలకు అడుగున ఎర్రని మచ్చలు పడతాయి. తిరగేసి, కాలిన పక్క మీద అంచు వదిలి టమోటా గుజ్జు పలుచగా పూయాలి. సన్నగా తరిగిన ఉల్లి చల్లి, మూతపెట్టి సన్నని మంట మీద మరో ఐదారు నిమిషాలు వుంచాలి. గుజ్జు ఎక్కువ పూస్తే రుచి పెరగదు, రొట్టె మెత్తబడుతుంది.

కట్టెల పొయ్యి వున్నవారు మంట తీసి నిప్పుల మీద కాల్చవచ్చు. ఇనుప మూత వుంటే దాని మీద కూడా నాలుగు నిప్పులు వేస్తే పైనుంచి వేడి తగులుతుంది. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె ఇలాగే కింద నిప్పులు, పైన నిప్పులు పెట్టి కాల్చే పద్ధతి పూర్వం నుంచీ వుంది. కొందరు ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు లేకుండా కాలుస్తుంటారు. రబ్బరు, విజిల్ తీయకుండా ఆ పని చేస్తే ప్రమాదం. పెనం వుండగా ఆ జోలికి పోకపోవడం మేలు.

ఈస్టు దొరకనివారికి

పిండిలో పావు చెంచా వంటసోడా, ఉప్పు కలిపి, అర గ్లాసు పుల్లని పెరుగు, తగినన్ని నీళ్లతో పిసికి అరగంట వుంచాలి. పెరుగులోని పులుపు సోడాతో కలిసి గాలి పుట్టిస్తుంది కనుక రొట్టె గుల్లబారుతుంది. సోడా ఎక్కువైతే చేదు వస్తుంది. ఈ రొట్టెకు ఈస్టు వాసన వుండదు గాని పిల్లలు ఇష్టంగానే తింటారు.

పైన తెల్లగా వుండాలని పిల్లలు మారాం చేస్తే, అర లీటరు పాలు కాచి నిమ్మరసం పిండి విరగగొట్టి, గుడ్డలో వడకట్టి, ఆ విరుగుడును చిదిమి చల్లవచ్చు. అది చీజులా కరగదు, తీగలు సాగదు. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పడం మంచిది. రుచికి మాత్రం లోటు వుండదు.

ఖర్చు ఎంత?

ఆ ఇంట టమోటాలు సొంతవి కనుక లెక్కలోకి రాలేదు. మైదా, ఈస్టు, నూనె, ఉల్లి, వెల్లుల్లి కలిపి నలభై రూపాయల లోపే అయింది. పాలు కొనుక్కుంటే మరో ముప్పై. దీనితో మూడు రొట్టెలు వచ్చి ఇంటిల్లిపాదీ తిన్నారు.

అయితే మైదా రోజూ తినే వస్తువు కాదు. సంగటి, జొన్నరొట్టె పక్కకు నెట్టి దీన్ని అలవాటు చేసుకోవడం మంచిది కాదు. వారానికో, పక్షానికో ఒకసారి సరదాగా చేసుకోవాలి.

ధర పడినప్పుడు

ఇంటి పిజ్జాతో టమోటా రైతు కష్టం తీరుతుందని ఎవరూ అనుకోనక్కరలేదు. ఒక ఇల్లు ఒక పూటకు వాడేది అర కిలో. తోటలో మాగిపోయేవి క్వింటాళ్లు. 2023 జులైలో ఇదే మదనపల్లె మార్కెట్టులో కిలో నూరు రూపాయలు దాటిన టమోటా, మరో కాలంలో కోత కూలికి కూడా చాలక చెట్టుమీదే వదిలేసే స్థితికి రావడం ఇక్కడి రైతులకు పరిపాటి.

ఇటలీలో రైతు పండించే టమోటాలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలకు పోయి డబ్బాల్లో నిలవ వుంటుంది. నేపుల్స్ పిజ్జా దుకాణాలు కూడా ఏడాది పొడుగునా ఆ డబ్బా టమోటానే వాడతాయి. మన దగ్గర పంటలో ఎక్కువ భాగం పచ్చికాయగానే అమ్ముడుపోవాలి. రెండు రోజులు ఆగితే కుళ్లిపోతుంది. అందుకే వచ్చిన ధరకు ఇచ్చేయక తప్పడం లేదు. పిజ్జా రొట్టె ముక్క చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది.

ఇంటి మట్టుకు ఒక పని చేయవచ్చు. చవకగా వున్నప్పుడు టమోటాలను చక్రాలుగా కోసి, ఉప్పు అద్ది, పలుచని గుడ్డ కప్పి, ఎండ బాగా వున్న రోజుల్లో గలగలలాడేదాకా ఎండబెట్టి ఒరుగులు చేసుకోవాలి. తడి తగలని డబ్బాలో పెడితే నెలల తరబడి వుంటాయి. వేడినీళ్లలో నానబెట్టి నూరితే పిజ్జాకే కాదు, పప్పులోకి, పచ్చడికి కూడా పనికివస్తాయి. వండిన గుజ్జు మాత్రం బయట నిలవ వుంచరాదు. ఫ్రిజ్ వుంటే నాలుగైదు రోజుల్లో వాడేయాలి.

ఈ విలేఖరి వెళ్లిన రోజున ఆ ఇంటి పిల్లవాడు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క దక్కింది. అవ్వ మాత్రం తనకు గుజ్జు వేరుగా, రొట్టె వేరుగా కావాలని అడిగి తిన్నది. రైతు మరునాటి మార్కెట్టుకు పెట్టెలు సర్దుతూ, ధర ఇంకా అలాగే వుందని చెప్పాడు. ఇల్లాలు మాత్రం, "ధర మన చేతిలో లేదన్నా. పిల్లోడు అడిగింది మనింట్లో లేదు అనే మాట మాత్రం తప్పింది" అన్నది.

పిండి పొంగడానికి గంటన్నర పడుతుంది. పిల్లలు బడినుంచి వచ్చే వేళకు తయారు కావాలంటే మధ్యాహ్నం రెండున్నరకే కలిపి పెట్టుకోవడం మంచిదని ఆమె సలహా.